కిటికీ ఉన్న పేజీ

ఆదివారం పొద్దున్నే మా మేనత్తకి ఫోన్ చేసి పుస్తకాల వార్తలు చెప్పడం నాకు అలవాటు. రాజకీయాలు టీవీ చెబుతుంది, చుట్టాల సంగతులు కోడలు చెబుతుంది, పుస్తకాల సంగతి చెప్పే దిక్కు నేనొక్కదాన్నే అని ఆవిడ నమ్మకం. చూపు మసకబారి అచ్చు కనపడటం మానేశాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. ఆవిడ అవనిగడ్డలో కొడుకు దగ్గర ఉంటుంది. నాది గుడివాడలో కాపురం, బందరులో ఉద్యోగం. మధ్యలో ఫోను.

నేను వార్త చెబుతాను. ఆవిడ దాన్ని ఉతికి ఆరేస్తుంది.

"ఎక్కడో ఒక లైబ్రరీకి, తాత తీసుకెళ్ళిన పుస్తకం మనవరాలు తెచ్చి ఇచ్చిందట అత్తయ్యా."

"చదివి ఇచ్చిందా, చదవకుండానే ఇచ్చేసిందా?"

"అది రాయలేదు."

"అసలు సంగతి ఎప్పుడూ రాయరు వీళ్ళు."

కంప్యూటర్లు నవలలు రాసేస్తున్నాయని చెప్పాను ఒక వారం. "రాయనీ. కొనుక్కునేది కూడా అవేనా?" అంది. తన నవల అచ్చు వేయొద్దని చెప్పి పోయిన ఒక పెద్దాయన పుస్తకాన్ని పిల్లలే అచ్చు వేయించారని మరో వారం చెప్పాను. "బతికున్నన్నాళ్ళూ ఆయన మాట విన్నారా ఏంటి, పోయాక వినడానికి" అని తేల్చేసింది. నోటి దురుసు నాకు ఎవరి నుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోరు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం నేను చెప్పిన వార్తకి మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. ఫోను కట్ అయిందేమోనని రెండుసార్లు "అత్తయ్యా, అత్తయ్యా" అన్నాను.

వార్త ఇది. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఏ కారణానో పుస్తకంగా రాకుండా పోయిన నవల ఒకటి ఇన్నాళ్ళకి పుస్తకమవుతోంది. రచయిత్రి ఎప్పుడో పోయింది. రాతప్రతి లేదు. పాఠకుల ఇళ్ళలో చింపి దాచుకున్న పేజీలు వెతికి, ఒకరి దగ్గర లేనివి మరొకరి దగ్గర పట్టుకుని, మొత్తం కూర్చారట. ఆ పేరుతో రాసింది మగాయనేనని ఆ రోజుల్లో ఒక పుకారుండేది. ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని మగాళ్ళు తెగ రాసేసిన కాలం కదా. ఈవిడ మాత్రం నిజంగా ఆడమనిషేనని కూడా తేలింది. విజయవాడ పుస్తకాల పండక్కి విడుదల.

కాసేపటికి అవతలి నుంచి గొంతు వినిపించింది.

"అయితే ఆ పేజీ కూడా ఉంటుందా?"

"ఉండక ఏం చేస్తుంది? మొత్తం వేస్తున్నారంట."

"తెచ్చి చదువు. నేను పోయేలోపు ఆవిడ ఏమందో వినాలి."

"పోవడం గురించి ఇప్పుడెందుకు? షుగరు తప్ప నీకేముంది?"

"నీతో వాదన ఉంది కదే, అది చాలదూ" అని ఫోను పెట్టేసింది.

ఆ పేజీ సంగతి చెప్పాలి.

నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ పెడనలో మా అత్తయ్య ఇంట్లోనే ఉండి, రైల్లో బందరు కాలేజీకి వెళ్ళొచ్చేదాన్ని. ఆ వీధిలో నాలుగిళ్ళకి కలిపి ఒక వారపత్రిక. ఎవరి వంతు ఎప్పుడన్నది రాజ్యాంగం కన్నా గట్టిగా నడిచేది. అన్ని ఇళ్ళూ తిరిగి చివరికి మా అత్తయ్య దగ్గరికి వచ్చేది పత్రిక. ఎందుకంటే సీరియల్ పేజీలు చింపి, పోగేసి, బైండు చేసేది ఆవిడే. పిన్నులు పీకి, అంచులు సరిచేసి, దబ్బనంతో కన్నాలు పొడిచి, మగ్గం దారంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురుతో అట్ట అంటించేది. అట్ట మీదికి గుడ్డ కావాలంటే పెడనలో కరువా? కలంకారీ అద్దకంలో రంగు ముద్దయి పనికిరాకుండా పోయిన ముక్కలు ఎవరినడిగినా ఇచ్చేవారు. ఆ గుడ్డ అట్టలతో మా అత్తయ్య బీరువాలో వరసగా నిలబడ్డ నవలలు ఏ ప్రచురణకర్తా తీసుకురాలేనంత అందంగా ఉండేవి. మన పుస్తకాల చరిత్ర రాసే పెద్దలు ప్రెస్సులూ పరిషత్తులూ అంటూ పేజీలు నింపుతారు గానీ, ఇంటింటా ఆడవాళ్ళు నడిపిన ఈ ప్రచురణాలయాల గురించి ఒక్క వాక్యం రాయరు. ఎక్కడైనా సభలో నాకు మైకు దొరికితే ఇదే అడుగుతాను. అందుకే నాకు మైకు ఇవ్వరు.

మాకన్నా ముందు వంతు పక్కింటి పిన్నిది. వాళ్ళాయన అద్దకం అచ్చులు చెక్కేవాడు. టేకు చెక్క మీద నమూనా బొమ్మ అంటించి, ఆ గీతల వెంట సన్న ఉలితో చెక్కుకుంటూ పోతే అచ్చు తయారవుతుంది. పత్రికలో ముగ్గు వచ్చినా, జాకెట్టు చేతుల మీద కుట్టే లత వచ్చినా పిన్ని కళ్ళు అక్కడే ఆగిపోయేవి. ఒక వారం అలాంటి లత ఒకటి, రెండు ఆకుల మధ్య మొగ్గ, మొగ్గని చుట్టుకున్న తీగ, వచ్చింది. పిన్ని కత్తెర తీసుకుని పోస్టుకార్డంత ముక్క కత్తిరించేసింది. కాగితానికి రెండో వైపు కూడా ఉంటుందని ఆవిడకి ఆ క్షణాన గుర్తు రాలేదు.

రెండో వైపున మా సీరియల్ ఉంది.

మామూలు చోటైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ కథలో మొగుడు వదిలేసి వెళ్ళిపోతే కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని పెంచుకుంటున్న ఒకావిడ ఉంటుంది. ఏళ్ళ తర్వాత వాన కురిసే ఒక సాయంత్రం ఆయన వచ్చి గుమ్మంలో నిలబడతాడు. "నేను లోపలికి రావచ్చా?" అంటాడు. ఆవిడ మిషను ఆపుతుంది. లేచి నిలబడుతుంది. 'ఆమె నోరు తెరిచింది.' అక్కడ కన్నం. కన్నం కింద, 'అతను తల వంచుకుని, గోడకి ఆనించిన గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.' ఆ పై వారం నుంచి కథ కూతురి పెళ్ళి మీదికి మళ్ళింది. ఆయన మళ్ళీ రాలేదు. ఆవిడ ఆయనతో ఏమందో ఆ నవలలో ఇంకెక్కడా లేదు.

వీధంతా పిన్ని మీద పడింది. "రెండో వైపు ఏముందో చూళ్ళేదంటే నమ్మాలా?" అంటే "మీ అందరి మీదా ఒట్టు, నేను పువ్వు చూశానే గానీ అక్షరం చూళ్ళేదమ్మా" అని ఏడ్చినంత పని చేసింది. అప్పటికే కాగితం చెక్క మీద అంటుకుపోవడం, ఉలి దాని మీద నడవడం, పొట్టు ఊడ్చి పారబోయడం అన్నీ అయిపోయాయి. మా కథానాయిక మాట పోయి, మొగ్గా తీగా మిగిలాయి. ఆ లత బాగా అమ్ముడుపోయిందట కూడా. దాంతో అద్దిన దుప్పటి ఒకటి పిన్ని తప్పొప్పుకుంటున్నట్టు తెచ్చి మా అత్తయ్యకి ఇచ్చింది.

అత్తయ్య ఆ పేజీని అలాగే కుట్టేసింది. దానికి కిటికీ అని పేరు పడింది. మధ్యాహ్నాలు వసారాలో ఆ నవల పైకి చదువుకునేవాళ్ళం. చదివేది నేను. కిటికీ దగ్గరికి రాగానే ఆగిపోయి తలెత్తేదాన్ని. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. పిన్ని "కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి ఉంటుందమ్మా" అనేది. "ఇస్తే గొడుగు తీసుకుని వెళ్ళడం దేనికి?" అని మిగతావాళ్ళు ఆవిడ నోరు మూయించేవారు. కిటికీ తయారు చేసిన మనిషికి అందులో మాట పెట్టే హక్కు లేదన్నది వీధి తీర్మానం.

చివరికి మిగిలింది ఇద్దరం. నా కథానాయిక తిట్టేది. అలాంటిలాంటి తిట్టు కాదు, ఊపిరి తీసుకోకుండా, వీధి చివరిదాకా వినపడేలా. ప్రతి ఏడూ ఆ తిట్టుకి నేను కొత్త వాక్యాలు చేర్చేదాన్ని. మా అత్తయ్య కథానాయిక ఒక్క మాటే అనేది. "వాన పెరిగేలా ఉంది, గొడుగు మర్చిపోకండి."

"అదేం మాట అత్తయ్యా? పొమ్మనా, ఉండమనా?"

"అది ఆయనకి తెలుసు."

"నాకు తెలియాలి కదా."

"నువ్వేమన్నా ఆవిడ మొగుడివా?"

ఈ వాదన మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళూ నడిచింది. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఒకసారి బందరు ఆసుపత్రి వరండాలో కూడా. ఆవిడ తగ్గదు, నేను తగ్గను.

ఒక్క సంగతి మాత్రం మా వాదనలో ఎప్పుడూ రాలేదు. మా మావయ్య కూడా ఒకసారి వెళ్ళి వచ్చినవాడే. నేను పెడన రాకముందు సంగతి. ఎక్కడికి వెళ్ళాడో, ఎవరి కోసమో పెద్దవాళ్ళు నా ముందు మాట్లాడలేదు. వచ్చేశాడు, ఉన్నాడు, అంతే. మేము వసారాలో సీరియల్ చదువుతుంటే ఆయన గదిలో పేపరు చదువుకునేవాడు. కిటికీ వచ్చేసరికి మాత్రం ఆయనకి దాహం వేసేది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఇరవై ఏళ్ళు నిండని నాకు అది నవ్వు తెప్పించేది. అత్తయ్య నవ్వేది కాదు.

విజయవాడలో ఆ పుస్తకం కొన్నాను. దుకాణం దగ్గరే నిలబడి తిప్పి ఉంటే బాగుండేది గానీ, గెలుపు సాక్షుల ముందు విప్పాలన్న పంతం నాది. రెండో శనివారం బందరు నుంచి అవనిగడ్డ బస్సెక్కాక ఆగలేకపోయాను. చల్లపల్లి ఇంకా రాలేదు. వాన, గుమ్మం, మిషను, అన్నీ దొరికాయి. 'ఆమె నోరు తెరిచింది.' దాని కింది పంక్తి, 'అతను తల వంచుకుని, గోడకి ఆనించిన గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.'

మధ్యలో ఏమీ లేదు.

పేజీ తిప్పాను, వెనక్కి తిప్పాను. వీళ్ళకీ కిటికీ ఉన్న పేజీయే దొరికిందేమోనని అనుమానం వచ్చింది. పుస్తకం వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయిని పట్టుకుని దబాయించాను. "మీరు మధ్యలో మింగేశారమ్మా" అన్నాను. ఆ పిల్ల పాపం మర్యాదగా, "లేదండీ, మా దగ్గర ఆ పేజీ పూర్తిగానే ఉందండీ, ఫోటో పంపుతానుండండి" అంది. బస్సు మోపిదేవి దాటుతుండగా ఫోటో వచ్చింది. పత్రిక పేజీ. మా కిటికీ ఉండాల్సిన చోట, అంచు కట్టిన గడిలో, జడ ముందుకి వేసుకుని నవ్వుతున్న ఒకమ్మాయి. తలనూనె ప్రకటన.

ఇన్నేళ్ళు మేము కొట్టుకున్నది ఒక తలనూనె గురించి. నవ్వొచ్చింది. పక్క సీటులో బుట్ట ఒళ్ళో పెట్టుకున్నావిడ నన్ను అదోలా చూసింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నేను పోయేలోపు వినాలి" అన్న మనిషికి వెళ్ళి ఏం వినిపించను? పులిగడ్డ వంతెన మీద, కింద ఇసుక మేటల మధ్య సన్నగా పారుతున్న కృష్ణని చూస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. నా జీవితంలో మొదటిసారి ఒక వాదన ఓడిపోదామని.

అత్తయ్య నాకోసం ముందు గదిలో మంచం మీద తయారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో పాత బైండు. కాళ్ళ మీద ఆ లత దుప్పటి, ఉతికి ఉతికి ఆకులేవో తీగేదో తెలియనంత వెలిసిపోయింది. మా బావ భార్య కాఫీ ఇచ్చి, "పొద్దుట్నుంచీ టీవీ పెట్టనివ్వట్లేదు. ఇవాళేదో తీర్పంట కదా" అంది.

"తీర్పే. నువ్వూ కూర్చో అక్కా" అన్నాను.

"ఎందుకులే. మీ ఇద్దరి మధ్య కూర్చుంటే నాకు తలనొప్పొస్తుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"చదువు" అంది అత్తయ్య.

చదివాను. వాన, గుమ్మం, మిషను. 'ఆమె నోరు తెరిచింది' అన్నాక ఊపిరి తీసుకుని, పుస్తకంలోకే చూస్తూ, "వాన పెరిగేలా ఉంది, గొడుగు మర్చిపోకండి, అంది" అని చదివాను. తర్వాత గొడుగు, మెట్లు. పుస్తకం మూసి, "నువ్వే గెలిచావు అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య ఒళ్ళో బైండు అట్ట మీద చెయ్యి వేసింది. తర్వాత,

"అబద్ధం" అంది.

"అబద్ధమేంటి, అచ్చులో ఉంటే?"

"అచ్చులో ఉంటే నువ్వు ఇంత మెత్తగా చదవవే. ఓడిపోయినప్పుడు నీ గొంతు నాకు తెలీదా? గిన్నెలు పారేసినట్టుంటుంది. సరిగ్గా చదువు."

ఇంక దాచలేకపోయాను. సరిగ్గానే చదివాను. ఉన్నది ఉన్నట్టు. నోరు తెరిచింది, అతను గొడుగు తీసుకున్నాడు. తలనూనె సంగతి కూడా చెప్పాను. జడ ముందుకి వేసుకున్న అమ్మాయి సంగతి చెప్పాను.

"అంటే ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు."

"నోరు తెరిచి?"

"నోరు తెరిచి, ఏమీ అనలేదు."

ఆవిడ పాత బైండు తెరిచింది. చూపు ఆనకపోయినా ఆ పేజీ వేళ్ళకి తెలుసు. పేజీల మీద చెయ్యి పరుచుకుంటూ వెళ్ళి కిటికీ దొరకగానే ఆగింది. పోస్టుకార్డంత ఖాళీలో నాలుగు వేళ్ళు పెట్టి అలాగే ఉంచేసింది.

"నేను కూడా ఏమీ అనలేదే" అంది.

"ఎప్పుడత్తయ్యా?" అన్నాను.

"మీ మావయ్య వచ్చిన రోజు. ఇలాగే గుమ్మంలో నిలబడ్డాడు. బియ్యం చెరుగుతున్నాను. లేచాను. నోరు తెరిచాను. ఏమనాలో తెలీలా. పొమ్మనలేదు, రమ్మనలేదు. నేనలా నిలబడే ఉన్నాను, ఆయన చెప్పులు విప్పుకుని లోపలికొచ్చేశాడు. తర్వాత ఇంకేముంది, అన్నం పెట్టాను." చేట్లో బియ్యం ఇంకా ఉన్నట్టు ఆవిడ వేళ్ళు ఒకసారి కదిలాయి. "ఆ మరుసటేడే ఈ సీరియల్ వచ్చింది. కథలో ఆయన వెళ్ళిపోయాడంటే ఈవిడేదో అనే ఉంటుంది కదా అనుకున్నా. ఈవిడకి దొరికిన మాట నాకెందుకు దొరకలేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ మాటేంటో తెలిస్తే, నేను అనాల్సిందేంటో తెలుస్తుందని."

నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. నాకు మాట దొరకకపోవడం అనేది మా బంధువర్గంలో ఎవరూ చూడలేదు.

"మరి గొడుగు మాట?" అన్నాను చివరికి.

"అది తర్వాత తోచింది. తర్వాత అందరికీ తోస్తాయి." ఆవిడ మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది. "ఆ రచయిత్రి మగాయన అన్నారు చూడూ, ఎవడన్నాడో గానీ తెలివిలేనోడు. మగాడైతే అక్కడ రెండు పేజీల ఉపన్యాసం పెట్టేవాడు."

"నేనూ పెట్టాను కదా అత్తయ్యా."

"నీ సంగతి వేరులే. నువ్వు నా తరఫున పెట్టావు."

ఆ మాట ఆవిడ మామూలుగానే అనేసింది. నేనే లేచి వెళ్ళి వంటింట్లో మంచినీళ్ళు తాగి వచ్చాను. మా మావయ్యకి ఎందుకు దాహం వేసేదో అప్పుడు కొంచెం తెలిసింది.

తిరిగొచ్చేసరికి కొత్త పుస్తకం ఆవిడ చేతిలో ఉంది. ఆ పేజీని అరచేత్తో నిమురుతోంది.

"నున్నగా ఉందే" అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. దాన్ని మూసి పక్కన పెట్టేసింది. పాత బైండు నా ఒళ్ళోకి తోసింది. "ఇందులోంచి చదువు. వాన దగ్గర్నుంచి."

మళ్ళీ మొదలుపెట్టాను. వాన. గుమ్మం. 'నేను లోపలికి రావచ్చా?' మిషను ఆగింది. ఆమె నోరు తెరిచింది. కిటికీలోంచి కింది పేజీలోని అక్షరాలు కొన్ని కనిపిస్తున్నాయి. అలవాటుగా ఆగి తలెత్తాను.

"ఆగావేం? నీ తిట్లు కానీ" అంది అత్తయ్య.

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? నిదానంగా చదువు. ఎప్పుడూ తొందరపడి మధ్యలో మింగేస్తావు."

గొంతు సవరించుకున్నాను. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా ఈ గుమ్మం..."

"అది కాదే. దాని ముందు ఇంకోటి ఉంది. 'చెప్పులు విప్పకు' అని మొదలవుతుంది."

నాకు గుర్తు లేదు. ఆ వాక్యం ఏ ఏడు చేర్చానో కూడా గుర్తు లేదు. ఆవిడ చెబుతూ పోయింది, ఊపిరి తీసుకోకుండా, నా తిట్లన్నీ, నా వరసలోనే, నా గొంతుతోనే. వంటింట్లోంచి మా బావ భార్య గరిట పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవర్నండీ అత్తయ్యగారూ, అలా తిడుతున్నారు?"

"నువ్వుండవే, అయిపోవచ్చింది" అంది మా అత్తయ్య.